అందరూ ఎక్కారట

1. పుస్తకం మూసి ఉంది

సూర్యుణ్ణి బయటికి లాగేసరికి అందరికీ నడుములు పడిపోయాయి. ఈసారి గొంతులో అడ్డం తిరిగింది. మింగన్న నోరు బార్లా తెరిచి, కళ్లలోంచి నీళ్లు కారుస్తూ, "మెల్లిగా లాగండ్రా బాబూ, అది గొంతు, గోదాం కాదు" అని మొత్తుకుంటాడు. మేము వినిపించుకోం. వింటే తెల్లవారదు.

పుస్తకంలో ఈయన పేరు చుక్కలమింగి. పిల్లలు దుప్పటి ముసుగేసుకుని చదివేంత భయంకరుడు. పుస్తకం మూశాక అజీర్తితో మూలిగే ముసలాయన. తొమ్మిదో అధ్యాయం చివర మా గ్రహపు సూర్యుణ్ణి మింగడం ఆయన డ్యూటీ. చదవడం అయిపోయాక దాన్ని కక్కించి, కడిగి, మళ్లీ పైన తగిలించడం మా డ్యూటీ. మేమంటే జనం. "జనం బారులు తీరి నిలబడ్డారు" అని పుస్తకంలో ఒక్క వాక్యం ఉంది, ఆ వాక్యంలో వాళ్లం. రక్షణ ఓడ కెప్టెన్ ధీరసేన తాడు పట్టుకోడు. ఆయన చేతుల గురించి నాలుగు లైన్ల వర్ణన ఉంది, పాడవకూడదట.

నా పేరు వకుళ. పుస్తకంలో ఈ పేరు లేదు, మాకు మేం పెట్టుకున్నదే. ఓడ తలుపు దగ్గర నిలబడి, జనం ఎక్కాక తలుపు వేసేది నేను. పుస్తకం మాత్రం "తలుపు మూసుకుంది" అంటుంది. దానంతటదే మూసుకుందట! ఈ రచయిత లోకంలో తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, అన్నం దానంతటదే ఉడుకుతుంది, బూడిద దానంతటదే లేచి గట్టు అవతలికి నడిచిపోతుంది. అందుకే నేను ఇది పేజీ అంచున, అచ్చు పడని తెల్లచోటులో రాస్తున్నాను.

సూర్యుడు పైకెక్కాక బూడిదగట్టు అవతలికి వెళ్లాను. సూర్యుడు రాల్చే బూడిదని ఎత్తి, గుంటల్లో పోసేవాళ్లు అక్కడ ఉంటారు. రెండో అధ్యాయంలో ఒక్కసారి కనిపిస్తారు. కథానాయిక రిక్క, పదకొండేళ్ల పిల్ల, దారి తప్పి అటు వస్తుంది. దాహంతో ఉంటుంది. ఒక ఆడమనిషి కుండలో నీళ్లిచ్చి "తాగు తల్లీ" అంటుంది. "రిక్క ఏ సంకోచమూ లేకుండా ఆ నీళ్లు తాగింది" అని రాశాడు మహానుభావుడు. సరిగ్గా ఆ వాక్యం దగ్గర పెద్దవాళ్లు చదవడం ఆపి పిల్లలకి నీతి చెబుతారు, చూశావా రిక్కది ఎంత మంచి మనసో అని. తాగిన పిల్ల గొప్పదైంది. ఇచ్చిన మనిషి ఆ పేజీ దాటి మళ్లీ కనిపించదు. తొమ్మిదో అధ్యాయంలో ఓడ వస్తుంది, "అందరూ ఎక్కారు" అని ఉంటుంది. గట్టు అవతలివాళ్లు ఎక్కలేదు. ఒక్క చదువులోనూ ఎక్కలేదు. ఓడ వెళ్లిపోయి, సూర్యుడు పోయాక, పుస్తకం మూసేదాకా వాళ్లు ఆ చలిలో ఉంటారు.

నీళ్లిచ్చే ఆమె పేరు నూకాలు. గుంట అంచున కూర్చుని ఉంది. పక్కన రెండు దుప్పట్లు మడత పెట్టి ఉన్నాయి.

"సూరమ్మా, దాని మొగుడూ" అంది. "తొంగున్నారు. లెగనేదు."

పోయినసారి చదివినవాడెవడో పదో అధ్యాయం మధ్యలో పుస్తకాన్ని బోర్లించి పెట్టి పోయాడు. పుస్తకం తెరిచి ఉన్నంతకాలం కథ ఎక్కడ ఆగితే మేమూ అక్కడే. ఓడలో వాళ్లు ఓడలో, వెచ్చగా. వీళ్లు ఇక్కడ, సూర్యుడు లేని నేల మీద, నెలల తరబడి. ఇంకో అన్యాయం కూడా ఉంది. వర్ణన ఉన్నవాళ్లు మొదటి పేజీ తెరవగానే కొత్తగా అయిపోతారు. రిక్క మోచేతి గాయం మానిపోతుంది, కెప్టెన్ జుట్టు నల్లబడుతుంది. వర్ణన లేనివాళ్లం అరుగుతాం. నా మోకాళ్లని అడిగితే చెబుతాయి. నూకాలు గురించి "ఒక ఆడమనిషి" అని తప్ప ఒక్క ముక్క లేదు. ఇలాంటి చలి ఇంకొక్కటి వస్తే ఆ ఒక ఆడమనిషి కూడా ఉండదు, ఆమె వెనక మిగిలిన ఆ ఇరవై ముప్ఫైమందీ ఉండరు.

నేను రచయితని తిట్టాను, కెప్టెన్‌ని తిట్టాను, చదివేవాళ్లని తిట్టాను. నూకాలు ఓపిగ్గా విన్నది.

"అంత కోపమెందుకు తల్లీ ఊరికే మోసుకు తిరగడం? కాసింత ఇక్కడెట్టి ఎల్లు. సలి కాసుకుంటాం."

2. ఇంకా మూసే ఉంది

సభ పెట్టించాను. ఓడ మెట్ల దగ్గర, పేరున్నవాళ్లు కుర్చీల్లో, జనం నేల మీద. అది ఎవరూ పెట్టిన నియమం కాదు, కుర్చీలు వచ్చిన రోజు నుంచీ అలాగే కూర్చుంటున్నాం.

నేను అడిగింది ఒకటే. బారులో చోటు. "అందరూ ఎక్కారు" అని ఎవరైనా చదివినప్పుడు ఆ వాక్యం బారులో ఉన్నవాళ్లని ఉన్నట్టుగా లోపలికి ఈడ్చేస్తుంది. ఎవరు, ఎక్కడివాళ్లు అని చూడదు. గట్టు అవతలివాళ్లు వచ్చి మనతో పాటు నిలబడితే చాలు, మిగతాది వాక్యమే చూసుకుంటుంది.

"వకుళ గారూ, ప్రతిసారీ మీది ఇదే ఉపన్యాసం" అన్నాడు కెప్టెన్ ధీరసేన.

"ప్రతిసారీ మీరు నాతో అదే తలుపు వేయిస్తున్నారు."

"ఓడ మోయదండీ."

"ఎవరు తూచారు?"

"తూచడం కాదు, అంచనా."

"రాజుగారి నెమళ్లకి ఓడలో ఒక గది ఉంది. వాటి బరువు ఏ అంచనాలో ఉంది?"

"నెమళ్లు వచనంలో ఉన్నాయి కదండీ" అన్నాడాయన, చాలా మర్యాదగా. నిజంగానే బాధపడుతున్నట్టు కనిపించాడు. అదే నాకు భరించరానిది. దుర్మార్గుడైతే పోట్లాడి పడుకోవచ్చు.

జనంలోంచి పానకాలు గారు లేచాడు. ఏడో అధ్యాయంలో సూర్యుడి మీద మొదటి నీడ పడ్డప్పుడు "జనంలో ఒకడు అయ్యో అన్నాడు" అని ఉంది. ఆ ఒకడు ఈయనే. జనంలో మాట ఉన్నవాడు ఈయన ఒక్కడే కాబట్టి, ఆ ఒక్క మాటతో మాకందరికీ పెద్దమనిషైపోయాడు. పుస్తకం మూసి ఉన్నప్పుడు కూడా గొంతు సవరించుకుని సాధన చేస్తుంటాడు.

"అమ్మా వకుళా, నువ్వు ఆవేశపడకు. వాళ్లకి చలి అలవాటే. పుట్టినప్పటి నుంచీ ఉన్నారు. మనలాంటివాళ్లం ఒక్క పూట తట్టుకోలేం."

"అలవాటున్నవాళ్లని ఇద్దరిని ఇవాళే పూడ్చి వచ్చాను పానకాలు గారూ."

"అయ్యో" అన్నాడు.

అలవాటు కొద్దీ ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు.

వెనకనుంచి ఎవరో గొణిగారు, ఇంతకీ వాళ్లు మన ముందు నిలబడతారా, వెనకా అని. మొత్తం సభలో నిజాయితీగా వచ్చిన మాట అదొక్కటే. బరువూ కాదు, వచనమూ కాదు. పక్కన నిలబడాల్సి వస్తుంది, అదీ సంగతి. చేతులెత్తమన్నారు. నాతో పాటు ఎత్తినవి లెక్కపెట్టడానికి ఒక చెయ్యి వేళ్లు ఎక్కువే.

కెప్టెన్ ముగింపు మాటలు చెప్పాడు. మనమంతా ఒకే పుస్తకంలో మనుషులం, మనలో మనకి గట్టు ఇవతల, గట్టు అవతల అనే మాటలే ఉండకూడదు అన్నాడు. మనమంతా ఒకటే అని ఎవరన్నా నేను ముందు వాళ్లు దేని మీద కూర్చున్నారో చూస్తాను. తరువాత సంతాపం. దుప్పట్లు. ఆపైన అసలు ఏర్పాటు: నూకాలుకి ఏమైనా అయితే రెండో అధ్యాయం ఆగకూడదు గనక, జనంలో ఒకామెకి కాస్త బూడిద పూసి కుండ ఇచ్చి నిలబెట్టాలి.

రిక్క అప్పటిదాకా ఎత్తు కుర్చీలో కాళ్లాడిస్తూ కూర్చుంది. చూడటానికి పదకొండేళ్లే. ఈ పుస్తకం ఎన్నిసార్లు చదివారో అన్నిసార్లు ప్రపంచాన్ని రక్షించి ఉంది. ఆ కళ్లు చూస్తే నాకంటే పెద్దదనిపిస్తుంది.

"నేను తాగను" అంది.

"వచనం తాగిస్తుందమ్మా" అన్నాడు కెప్టెన్.

"తాగిస్తుంది. ఆమె 'తాగు తల్లీ' అన్నప్పుడు మీరు లేరు కెప్టెన్ గారూ, నేనున్నాను. మీ వేషాలావిడ చేత అలా అనిపించండి చూద్దాం."

సభ ముగిసింది. నెమళ్లకి మేత వేసే వేళ దాటిపోతోందట.

3. మూసే ఉంది

సభ ఒప్పుకోకపోతే ఇంకో దారి చూడాలి కదా. పేజీ తిప్పేటప్పుడు ఎవరి కళ్లూ మా మీద ఉండవు. ఒక ఊపిరి తీసేంత సేపు మేము ఎవరి వాక్యానికీ కట్టుబడం. బారు తీరడం ఒక పేజీ అడుగున ఉంది, ఓడ ఎక్కడం తరువాతి పేజీ మొదట్లో. ఆ తిప్పే సమయంలో రాళ్ల చాటునుంచి పరుగెత్తుకొచ్చి బారు చివర కలిసిపోతే, కెప్టెన్ కాదు కదా ఎవరూ ఏమీ చెయ్యలేరు. చదువు సాగుతుండగా కెప్టెన్ తన మాటలు తప్ప ఇంకోటి మాట్లాడలేడు.

నూకాలుకి చెప్పాను. ఎంత బాగా చెప్పానో! ఆమె విని మొహం తిప్పుకుంది.

"రాళ్ల సాటునుంచి పరిగెత్తాల?"

"అవును."

"దొంగల్లాగ?"

"ప్రాణం ముఖ్యమా నూకాలూ, పౌరుషం ముఖ్యమా?"

"ఆ రెండూ నాకెప్పుడు ఇడివిడిగా కనపడినాయి తల్లీ? నీకు కనపడినాయేటి?" అంది. "మావేటి తప్పు సేసినామని పరిగెత్తడం? ఆల సూరీడు బుగ్గి ఎత్తినామనా?"

నాకు ఒళ్లు మండింది. మీకోసం నేను సభలో గొంతు చించుకుంటే నువ్వు నన్నే ఎదురడుగుతావా అని కూడా అన్నాను. ఆమె నవ్వింది. చివరికి, వాళ్లలో ముసలివాళ్లున్నారు, నడవలేనివాళ్లున్నారు, వాళ్ల మొహం చూసి ఒప్పుకుంది. పరుగు సాధన చేశాం. గవిరయ్య తాత పరుగెత్తుతుంటే పానకాలు గారు గట్టు మీదనుంచి చూసి, ఎక్కడివాళ్లక్కడ ఉంటే అందం అన్నాడు.

4. తెరిచి, బోర్లా

ఇది మెడదాకా బూడిదలో కూరుకుని రాస్తున్నాను. ఒక చెయ్యి బయట పెట్టుకోనిచ్చారు.

తెరిచినవాడి వేళ్లకి పకోడీల నూనె. ఆ వాసనకే మింగన్నకి త్రేన్పులు మొదలయ్యాయి. వాడు చదవలేదు, తరుముకుపోయాడు. రెండో అధ్యాయంలో నూకాలు కుండ ఎత్తేలోపే రిక్క తాగేసింది. ఏడో అధ్యాయంలో పానకాలు గారికి "అయ్యో"లో సగమే దక్కింది. తొమ్మిది వచ్చింది. "జనం బారులు తీరి నిలబడ్డారు." నిలబడ్డాం. ఓడ తలుపు తెరిచి ఉంది, నేను మెట్ల కింద. రాళ్ల చాటున నూకాలు వాళ్లు. వాడు వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడు.

నూనెకి రెండు కాగితాలు అంటుకుపోయాయి. రెండూ కలిపి తిప్పేశాడు.

ఓడ ఎక్కే పేజీ లేనే లేదు. వాడి కళ్లు తిన్నగా పదో అధ్యాయం మీద పడ్డాయి. "సూర్యుడు లేని చీకటి ఆకాశంలో ఓడ దూసుకుపోతోంది. కెప్టెన్ ధీరసేన చుక్కాని పట్టుకుని చిరునవ్వు నవ్వాడు." సూర్యుడు లేడు. ఓడ దూసుకుపోయింది. కెప్టెన్, నా పక్కనే ఆవులిస్తున్న మనిషి, ఆ నోటితోనే మాయమై పైన నవ్వుతున్నాడు. రిక్క "వకుళత్తా" అనబోయింది, రెండక్షరాలే వినిపించాయి. పదో అధ్యాయంలో జనం ఊసే లేదు. ఎవరూ మమ్మల్ని పైకి లాగలేదు. వాడు ఇంకో నాలుగు లైన్లు చదివి, విసుగొచ్చి, పుస్తకాన్ని బోర్లించి లేచిపోయాడు.

అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నేనెప్పుడూ అప్పటికి తలుపు లోపల ఉండేదాన్ని కదా.

జనం బారులు తీరి నిలబడే ఉన్నారు. ఖాళీ నేల వైపు చూస్తూ. నీళ్లు గడ్డకట్టే చప్పుడు వినపడింది. పానకాలు గారు "అయ్యో" అన్నాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

రాళ్ల చాటునుంచి వెనక్కి మళ్లి గట్టెక్కిన నూకాలు కనపడింది.

"ఏటలగ నిలబడిపోనారు? రండి, గుంటల్లోకి రండి. బేగి!"

జనం ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

"బూడిదలోకా?" అన్నాడు పానకాలు గారు.

"నేదు బాబూ. తమరికి పట్టుపరుపు ఏసినాం."

బూడిద పైన చల్లగా ఉంటుంది. రెండు చేతుల లోతు తవ్వితే వెచ్చగా ఉంటుంది, పాతకాలపు సూర్యుడి వేడి ఇంకా అక్కడ దాక్కుని ఉంటుంది. అందరం ఒక గుంటలో వలయాలుగా, వీపుకి వీపు ఆనించి కూర్చోవాలి. ముసలివాళ్లు నడుమ. అందరికంటే బయటి వలయానికి చలి కొరుకుతుంది. అందుకని వాళ్లు పాట పాడతారు. పాట అయిపోగానే బయటివాళ్లు లోపలికి, లోపలివాళ్లు బయటికి. మళ్లీ ఇంకో పాట. నిద్ర కూడా పాటల లెక్కనే. ఇది వాళ్లు ఎప్పటినుంచి చేస్తున్నారో. ఇన్నాళ్లూ నేను దుప్పట్లు పట్టుకెళ్లి ఇచ్చి వచ్చాను, ఎలా బతుకుతున్నారని ఎన్నడూ అడగలేదు. మా అభ్యుదయం దుప్పటి దగ్గరే ఆగిపోయింది. అయినా నన్ను నేను కొట్టుకోవడానికి ఇప్పుడు ఓపిక లేదు.

పాట మారినా పానకాలు గారు లోపలి వలయంలోనే కళ్లు మూసుకుని ఉండిపోయాడు.

"బాబుగారూ, పాటైపోనాది" అంది నూకాలు.

"నిద్రపట్టేసిందమ్మా."

"నిద్దట్లో బాగా మాటాడతన్నారు. లెగండి."

లేచాడు. బయటి వలయంలోకి వెళ్లాడు. వెళ్లి, అక్కడ అప్పటిదాకా కూర్చున్న గవిరయ్య తాతకి తను చెయ్యిచ్చి లోపలికి పంపాడు. వణుకుతూనే పాట అందుకున్నాడు, సగం మాటలు రాకపోయినా.

ఎన్ని పాటలయ్యాయో తెలియదు. నా వీపుకి ఆనుకుని నూకాలు. చీకట్లో అడిగింది.

"ఇందరు వొచ్చినారు గదా. మా గుంట మొయ్యదని ఎవలైనా అన్నారా?"

మా జనం అంతా విన్నారు. ఇన్ని సభల్లో నా గొంతు చేరలేని చోటుకి ఆ ఒక్క ప్రశ్న చేరింది. సంతోషించాల్సిందే. కానీ నాకు అలసటగా ఉంది, ఒళ్లు మండుతోంది కూడా. మనుషులకి పక్కవాడి చలి అర్థమవ్వాలంటే ముందు తమ వేళ్లు కొంకర్లు పోవాలా? మరి వాదాలెందుకు, పుస్తకాలెందుకు?

5. మూశారు

ఎవరో దుమ్ము దులిపి మూశారు. సూర్యుణ్ణి లాగాం. మాలో ముగ్గురు, వాళ్లలో ఇద్దరు లేరు. అందరినీ ఒకే చోట పూడ్చాం. ఏ వైపు పూడ్చాలి అని ఎవరూ అడగలేదు. నూకాలుకి దగ్గు పట్టుకుంది, కుండ ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి.

మళ్లీ సభ. ఈసారి నేను మాట్లాడలేదు. పానకాలు గారు లేచాడు. గొంతు సవరించుకోలేదు, గొంతు పోయింది.

"గట్టు అవతలివాళ్లు ముందు నిలబడతారు. మేం వాళ్ల వెనక."

"పానకాలు గారూ, ఓడ బరువు…" అన్నాడు కెప్టెన్.

"లేకపోతే బారు కట్టం."

"'బారులు తీరి నిలబడ్డారు' అని అచ్చులో ఉందండీ. కట్టక తప్పదు."

"కడతాం. గట్టు అవతల కడతాం. ఎక్కడ కట్టాలో మీ అచ్చులో లేదు, వకుళ చదివి చెప్పింది. మీ ఓడని అక్కడికే తెచ్చుకోండి."

జనం నవ్వారు. రిక్క కుర్చీ దిగి నేల మీదికి వచ్చి కూర్చుంది.

"మరి నెమళ్లు?" అన్నాడు కెప్టెన్, నీరసంగా.

"బారులో నిలబడటానికి వాటికి కాళ్లున్నాయి కదండీ" అన్నాడు మింగన్న. ఆయన సభలో నోరు తెరవడం అదే మొదటిసారి. తెరిస్తే అందరికీ భయం కనక ఎప్పుడూ తెరవడు.

సాయంత్రానికి కెప్టెన్ నా దగ్గరికి వచ్చి, మొదటినుంచీ నా మనసులో ఉన్నదీ ఇదేనండీ అన్నాడు. అనుకున్నాను, ఇలా అంటాడని. తిట్టబోయి, ఆ ఓపికని బారు కట్టే రోజుకి దాచుకున్నాను.

6. తెరిచారు

కొత్త చేతులు. చిన్న వేలు, గోరింటాకు సగం పోయింది. చదవడం ఇప్పుడే నేర్చుకుంటున్న పిల్ల, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, ఎవరికో పైకి చదివి వినిపిస్తోంది. మాకు ఇలాంటి చదువు అలవాటు లేదు. అక్షరానికి ఒక కదలిక. రెండో అధ్యాయంలో రిక్క నీళ్లు తాగడానికి ఎంతసేపు పట్టిందంటే, కుండ అడుగు కనపడింది.

తొమ్మిది. బారులు తీరాం. ముందు వాళ్లు, వెనక మేం. బుజాలకి బుజాలు తగులుతున్నాయి. ఓడ తలుపు తెరిచి ఉంది. నేను తలుపు మీద చెయ్యేసి లెక్క చూసుకుంటున్నాను. గవిరయ్య తాత లేడు. గట్టు మీదికి చూస్తే నూకాలు వెనక్కి నడుస్తోంది. తాత నడవలేక గుంట దగ్గరే కూలబడిపోయాడు, నన్నొదిలేసి ఎల్లిపోండే అని చెయ్యి ఊపుతున్నాడు.

పేజీ తిరిగింది. ఒక్క కాగితమే తిరిగింది.

"అం" అంది ఆ పిల్ల.

బారు ఒక్క అడుగు ముందుకి కదిలింది. వాక్యం లాగుతోంది, ఈడ్చడం లేదు, నెమ్మదిగా లాగుతోంది. నూకాలు బారులో లేదు. వాక్యానికి ఆమె తెలియదు. ఈ వాక్యం అయిపోతే తరువాతిది నా చేతులది. నేను వద్దనుకున్నా నా చేతులు తలుపు వేస్తాయి, ఎప్పుడూ వేశాయి. అరవాలనుకున్నాను. చదువుతుండగా నాకు మాట లేదు.

"ద."

ఆమె తాతని వీపు మీదికెత్తుకుంది. లేవబోయి మోకాలి మీద పడింది. దగ్గు. మళ్లీ లేచింది. ముందున్నవాళ్లు ఎక్కుతున్నారు. నెమళ్లు ఎక్కాయి. పానకాలు గారు ఎక్కకుండా మెట్టు కమ్మీ రెండు చేతులా పట్టుకుని ఆనుకున్నాడు.

"రూ."

"తొందరేం లేదే, నెమ్మదిగా చదువు" అని పైన ఎవరో పెద్దవాళ్ల గొంతు. ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు. వాళ్ల ఇల్లు చల్లగా ఉండాలి.

నూకాలు నడుస్తోంది. పరుగెత్తడం లేదు. దొంగలా పరుగెత్తనన్న మనిషి, ఇప్పుడు పరుగెత్తాలన్నా కాళ్లలో ఏమీ లేదు. ఒక అడుగు, ఆగడం, ఒక అడుగు. పిల్ల వేలు తరువాతి అక్షరం కింద ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది, "అం… ద… రూ…" అని. దేవుడా, ఇంత అందంగా తడబడిన నోరు నేను వినలేదు.

"ఎ."

బారంతా లోపలికి వచ్చేసింది. కమ్మీ మీద పానకాలు గారి వేళ్లు ఒక్కొక్కటే ఊడుతున్నాయి. చివరి వేలు ఊడే ముందు రెండో చెయ్యి బయటికి చాపి తాత పంచెకొంగు అందుకున్నాడు. తాతని లాగితే, తాతని మోస్తున్న ఆమె వచ్చింది.

"క్కా."

నూకాలు పాదం మెట్టు మీద. రెండో పాదం గడప మీద. బూడిద రంగు పాదం, మడమంతా పగుళ్లు. ఇన్ని చదువుల్లో ఆ గడప మీద నేను చూడని పాదం.

"రు" అంది పిల్ల. పెద్దగా, గెలిచినట్టుగా. ఆగి ఊపిరి తీసుకుంది.

నూకాలు తాతని దింపి, గోడకి ఆనుకుని, రొప్పుతోంది. బయట నేల మీద ఎవరూ లేరు. గట్టు మీద లేరు, గుంటల దగ్గర లేరు. నేను చూస్తున్నాను. ఇంకా చూస్తున్నాను. నా వాక్యం ఇంకా మొదలవలేదు, అయినా నా చేతులు తలుపు మీద ఉన్నాయి, మొదటిసారి వాటిని ఎవరూ నడపడం లేదు.

నూకాలు నా మోచెయ్యి పట్టుకుని కదిపింది.

"ఇంకేటి సూస్తన్నావు తల్లీ? అందరం వొచ్చీసినాం. తలుపెయ్యి, సలేస్తంది."